కొండదారిలో ముసాఫిర్

ఈ లోకంలో పరదేశిలా, బాటసారిలా బతకాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (ర) భుజం మీద చెయ్యివేసి ఉపదేశించారు. జుమా ప్రసంగాల్లో ఈ హదీసును మనం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. అయితే బాటసారి అంటే ఎవరో మనకు నిజంగా తెలుసా? టికెట్టు కొనుక్కుని, కిటికీ పక్కన కూర్చుని, ఒక నిద్ర తీసి లేచేసరికి ఊరు వచ్చేసే ప్రయాణాలకు మనం అలవాటుపడ్డాం. ముసాఫిర్‌కు, అంటే ప్రయాణికుడికి, షరీఅత్ ఇచ్చిన వెసులుబాట్లను కితాబుల్లో చదువుకుంటాం, పిల్లలకు చెబుతాం. వాటి విలువ ఏమిటో మన ఒంటికి మాత్రం తెలియదు. ఏళ్ల తరబడి ఈ పాఠం చెబుతున్న మాకు కూడా ఆ విలువ తెలిసింది మా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడి వల్లే.

2019 రంజాన్ పండుగ వెళ్లిన కొద్దిరోజులకు అతను కర్నూలులోని మా ఇంటికి వచ్చాడు. చిన్నప్పుడు మా దగ్గర నాజిరా ఖురాన్, కొంత ఉర్దూ చదువుకున్నవాడు. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు. సెలవు దొరికితే సైకిలు మీద నల్లమల దారి పడతాడు. నంద్యాల నుంచి గిద్దలూరు ఘాట్ రోడ్డులో వెళ్లి అదే రోజు తిరిగి రావడం అతనికి ఆటలాంటిది. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, తల వంచుకుని అసలు విషయం బయటపెట్టాడు.

"హజ్రత్, కిర్గిజ్‌స్తాన్ వెళ్దామనుకుంటున్నాను. అక్కడ కొండల్లో సైకిలు పందెం ఉంది. నాకు చోటు దొరికింది. అమ్మీ ఒప్పుకోవడం లేదు. మీరు చెబితే ఒప్పుకుంటుంది."

పందెం అనే మాట వినగానే మా ముఖం ముడుచుకుంది. "బేటా, నీకు ముప్ఫై ఏళ్లు వస్తున్నాయి. ఇంకా సైకిలు ఆటలేమిటి?" అన్నాం. అతను ఎదురు చెప్పలేదు. సలాం చేసి లేచి వెళ్లిపోయాడు. ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. అడిగినదేమిటో తెలుసుకోకుండా జవాబు చెప్పడం ఉస్తాద్‌కు తగిన పనేనా అని మనసు పీకింది. మరునాడు కబురు పెట్టి మళ్లీ పిలిపించాం.

ఏమిటీ పందెం?

అతను వివరంగా చెప్పాడు. ఈ పందెం పేరు సిల్క్ రోడ్ మౌంటెన్ రేస్. నెల్సన్ ట్రీస్ అనే ఆయన దీన్ని ప్రారంభించారు. మొదటిసారి 2018 ఆగస్టులో జరిగింది. కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో బయలుదేరి, తియాన్‌షాన్ పర్వతాల్లో సుమారు 1,700 కిలోమీటర్లు తిరిగి, ఇస్సిక్‌కుల్ సరస్సు ఒడ్డున ఉన్న చోల్పన్ అతా పట్టణంలో ముగించాలన్నది అప్పటి దారి. ఆ ఏడాది అమెరికాకు చెందిన జే పీటర్వరీ ప్రథముడిగా నిలిచాడు. బయలుదేరినవారిలో సగం మంది కూడా గడువులోగా చివరికి చేరలేకపోయారు. దారి ప్రతి ఏడూ కొంత మారుతుంది. కొండ, మట్టి, రాయి, వాగు మాత్రం మారవు.

ఇందులో వింత ఏమిటంటే, గడియారం ఆగదు. రోజుకు ఇంత దూరం, రాత్రికి ఇక్కడ బస అనే ఏర్పాటు లేదు. తిన్న సమయం, పడుకున్న సమయం, టైరు బాగుచేసుకున్న సమయం అన్నీ లెక్కలోకే వస్తాయి. మొత్తం గడువు సుమారు రెండు వారాలు. వెనక కారు రాదు, మోసే మనిషి ఉండడు. ముందుగా ఏర్పాటు చేసుకున్న సాయం ఏదీ పనికిరాదు. గుడ్డా గుడారం, మందూ మరమ్మతు సామగ్రి అన్నీ సైకిలుకే కట్టుకోవాలి. దారిలో అందరికీ దొరికే కొట్టులో అందరిలాగే కొనుక్కోవచ్చు. మధ్యలో ఉన్న మజిలీల వద్ద కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. ప్రతి పోటీదారు దగ్గర ఒక చిన్న యంత్రం ఉంటుంది. అది ఉపగ్రహం ద్వారా అతను ఎక్కడున్నాడో తెలియజేస్తుంది. ఇంట్లో ఉన్నవాళ్లు కంప్యూటర్లో, ఫోనులో పటం తెరిస్తే ఒక్కొక్క మనిషి ఒక్కొక్క చుక్కలా కనబడతాడు. ఈ చుక్క సంగతి ఎందుకు చెబుతున్నామో తరువాత తెలుస్తుంది.

"గెలిస్తే ఏమిస్తారు?" అని అడిగాం. ఇలాంటి పందాల ఆనవాయితీ ప్రకారం డబ్బు బహుమతి ఏమీ ఉండదని చెప్పాడు. ఆ మాటతో మా సందేహం ఒకటి తీరింది. పోటీదారులందరూ డబ్బు వేసి, గెలిచినవాడు దాన్ని పట్టుకుపోతే అది జూదం అవుతుంది. ఫుఖహాలు దీన్ని చాలా వివరంగా చర్చించారు. ఇక్కడ కట్టే రుసుము ఏర్పాట్లకే గాని గెలుపు మూటకు కాదు.

ప్రవక్త (స) కాలంలో పందాలు

మేము కితాబులు తెరిచాం. చదివిన విషయాలే అయినా ఈసారి కొత్తగా కనబడ్డాయి. దైవప్రవక్త (స) మదీనాలో గుర్రప్పందాలు జరిపించారు. మేత తగ్గించి, చెమట పట్టించి, ఒళ్లు గట్టిపరచి సిద్ధం చేసిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ విదా వరకు అయిదారు మైళ్ల దూరం పెట్టారు. అలా సిద్ధం చేయని గుర్రాలకు సనియ్యతుల్ విదా నుంచి బనీ జురైఖ్ మస్జిద్ వరకు ఒక మైలు మాత్రమే పెట్టారు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్న ఈ ఉల్లేఖనంలో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. తయారైనవాడి దూరం వేరు, తయారుకానివాడి దూరం వేరు. శక్తికి మించిన బరువును ఆ మహనీయుడు (స) గుర్రం మీద కూడా పెట్టలేదు.

మరొక సంగతి. ఈ పందెంలో పాల్గొన్నవారిలో ఒకరు స్వయంగా హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమరే (ర). లోకంలో బాటసారిలా బతకమన్న ఉపదేశం అందుకున్న ఆ సహాబీయే గుర్రమెక్కి పందెంలో పరుగు తీశారు. బాటసారి మనసుకూ పందెం గుర్రానికీ విరోధం లేదన్నమాట.

దైవప్రవక్త (స) తమ సతీమణి హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేశారు. మొదటిసారి ఆమె గెలిచారు, కొన్నాళ్లకు ఆయన (స) గెలిచి, దానికిది చెల్లు అని చమత్కరించారు. సహాబీ హజ్రత్ సలమా బిన్ అక్వా (ర) ప్రయాణం నుంచి తిరిగివస్తూ మదీనా వరకు పరుగు పందెం వేసి గెలిచారు. ఇవన్నీ చదివిన తరువాత "సైకిలు ఆటలేమిటి" అని మేము అన్న మాటకు సిగ్గుపడ్డాం.

మూడు షరతులు

అయినా ఒక భయం మిగిలింది. ఆ పందాల్లో ముందు వరుసలో ఉండేవారు రాత్రికి రెండు మూడు గంటలు మాత్రమే పడుకుంటారట. నిద్రలేక కళ్లముందు లేనివి కనబడతాయట. ప్రతి రాత్రీ నిలబడి నమాజు చేస్తూ, ప్రతి పగలూ ఉపవాసం ఉంటున్న ఒక సహాబీని పిలిచి, నీ శరీరానికి నీ మీద హక్కుంది, నీ కంటికి నీ మీద హక్కుంది అన్న భావం వచ్చేలా దైవప్రవక్త (స) మందలించారు. ఆరాధనలోనే అతి పనికిరాదన్నప్పుడు ఆటలో పనికివస్తుందా?

అందుకని మేము మూడు షరతులు పెట్టాం. మొదటిది, వడ్డీ అప్పు చేసి వెళ్లకూడదు. ఉన్న అప్పులు తీర్చి, వసియ్యత్ రాసి, అమానతులు అప్పగించి వెళ్లాలి. రెండవది, తల్లి మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. ధర్మయుద్ధానికి వెళ్తానని వచ్చిన మనిషినే తల్లిదండ్రులు బతికున్నారా అని అడిగి, వారి సేవకు తిప్పి పంపారు మన ప్రవక్త (స). సైకిలు పందెం ఏపాటిది? మూడవది, నమాజ్ వేళ తప్పకూడదు, ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు. ప్రమాదం కనబడిన క్షణాన వెనక్కి తిరగాలి.

"వెనక్కి తిరిగితే ఇన్నాళ్ల కష్టం వృథా కదా హజ్రత్?" అన్నాడు.

"వెనక్కి తిరుగుతానని ఇక్కడే మాట ఇస్తేనే నీ తల్లితో మాట్లాడతాం" అన్నాం.

మాట ఇచ్చాడు. ఆ తల్లి భర్త లేని మనిషి. మేము వెళ్లి చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "మౌల్వీ సాబ్, మీరు పంపుతున్నారు. వాడిని నేను మీకే అప్పగిస్తున్నాను" అంది. ఆ మాట మా గుండెల్లో రాయిలా పడింది.

సామానుతో పాటు మసాయిల్

ప్రయాణం ముందు నెల రోజులు ప్రతి ఆదివారం వచ్చేవాడు. సైకిలును విమానంలో ఎలా పంపుతారో అప్పుడే విన్నాం. పెడల్స్ విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి, ముందు చక్రం తీసి, టైర్లలో గాలి తగ్గించి, గట్టి అట్టపెట్టెలో పెడతారు. విడి బ్యాటరీలు ఆ పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచిలోనే తీసుకెళ్లాలి. పొయ్యికి గ్యాసు డబ్బా విమానంలో అసలు రానివ్వరు, అక్కడే కొనుక్కోవాలి. ఒంటెను కట్టి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయాలన్న బోధ మాకు గుర్తొచ్చింది. పంక్చరు సామాను, చెయిను ముక్క, నీళ్లు వడగట్టే గొట్టం ఒక్కొక్కటే లెక్కపెట్టి సర్దుకోవడం కూడా తవక్కుల్‌లో భాగమే.

అతను సామాను సర్దుకుంటుంటే మేము మసాయిల్ సర్దిపెట్టాం. ఈ శీర్షిక చదివే యువకులకు కూడా పనికొస్తాయి గనుక క్లుప్తంగా చెబుతున్నాం. ఇవి హనఫీ మస్లక్ ప్రకారం చెబుతున్నవి. ఇతర మస్లక్‌ల వారు తమ ఆలిములను అడగాలి.

సుమారు 48 మైళ్లు, అంటే దాదాపు 77 కిలోమీటర్ల ప్రయాణం ఉద్దేశించి ఊరి పొలిమేర దాటినవాడు ముసాఫిర్. ఒకే చోట పదిహేను రోజులు లేదా అంతకు మించి ఉండాలని సంకల్పించనంత వరకు ముసాఫిరే. జొహర్, అసర్, ఇషా నమాజుల్లో నాలుగు రకాతుల ఫర్జ్‌కు బదులు రెండే చేయాలి. ఫజర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. విత్ర్ వదలకూడదు. రెండు నమాజులను ఒకే వేళలో కలిపి చేయడం హనఫీలలో హజ్ సమయంలో అరఫాత్, ముజ్దలిఫాలలో తప్ప లేదు. అయితే జొహర్‌ను దాని వేళ చివర్లో, అసర్‌ను దాని వేళ మొదట్లో చేస్తే ఒకసారి సైకిలు దిగితే రెండూ అవుతాయి. జుమా ముసాఫిర్ మీద విధి కాదు.

వాగు పక్కనే ఉన్నా తయమ్ముమ్ చేయవచ్చా అని అడిగాడు. చలికి బద్ధకించి చేయకూడదు. ఆ నీళ్లతో జబ్బు చేస్తుందన్న నిజమైన భయం ఉండి, నీళ్లు కాచుకునే వీలు లేకపోతే చేయవచ్చు. నీ సంచిలో పొయ్యి ఉంది గనుక ముందు ఆ పొయ్యి వెలిగించు అన్నాం. తోలు మేజోళ్ల మీద మసహ్ చేసుకునే గడువు ఊళ్లో ఉన్నవాడికి ఒక పగలూ రాత్రీ అయితే, ముసాఫిర్‌కు మూడు పగళ్లూ రాత్రులూ. పలుచని మామూలు సాక్సులకు ఇది వర్తించదు. కిబ్లా మనకు దాదాపు పడమర అయితే, అక్కడ నైరుతి వైపు ఉంటుంది.

తిండి సంగతి కూడా వచ్చింది. ఆ దేశంలో గుర్రపు మాంసం తింటారు. ఇమామ్ అబూ హనీఫా దాన్ని మక్రూహ్ అన్నారు, ఆయన ఇద్దరు ప్రధాన శిష్యులు అనుమతించారు. ఇందులో వాదనకు దిగవద్దన్నాం. కుమిస్ అనే ఆడగుర్రం పాలు పులియబెట్టిన పానీయం అక్కడ ఇంటింటా ఉంటుంది. దానిలో కొద్దిగా మత్తు గుణం ఉంటుంది గనుక మర్యాదగా వద్దని, టీ తీసుకోమన్నాం. కురుత్ అనే ఎండబెట్టిన ఉప్పటి పెరుగు ఉండలు మాత్రం దారి బత్తెంగా బాగా పనికొస్తాయట.

అతను కంప్యూటర్ మనిషి కదా, వెంటనే లెక్క కట్టాడు. వుజూకు, నమాజుకు ఆగడం, మళ్లీ బయలుదేరడం అన్నీ కలిపి రోజుకు గంట. పన్నెండు రోజులకు పన్నెండు గంటలు. "ముందు వరుసలో వాళ్లకు పన్నెండు గంటలంటే ఒక పెద్ద కనుమ దాటేంత సమయం హజ్రత్" అన్నాడు నవ్వుతూ. "ఆ కనుమను సృష్టించినవాడికే ఆ గంట ఇస్తున్నావు బేటా" అన్నాం మేము కూడా నవ్వి.

మన కితాబులు పుట్టిన నేల

అతను వెళ్లే దేశం మాకు పరాయిది కాదు. మదరసాల్లో ఈనాటికీ చదివే హిదాయా గ్రంథకర్త బుర్హానుద్దీన్ మర్గీనానీ ఫర్గానా లోయ మనిషి. ఆయన ఊరు మర్గీనాన్ ఇప్పుడు ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. ఆ లోయ తూర్పు కొసన కిర్గిజ్‌స్తాన్‌లో ఉజ్గెన్ అనే పట్టణం ఉంది. మన కితాబుల్లో దాని పేరు ఉజ్‌జంద్. ఫతావా ఖాజీఖాన్ రాసిన ఇమామ్ ఖాజీఖాన్ అక్కడివారు. హిజ్రీ 5వ శతాబ్దంలో ఇమామ్ సరఖ్సీని పాలకుడు చెరలో వేసింది కూడా అక్కడే. చూసుకోవడానికి ఒక్క పుస్తకం కూడా లేకుండా, లోతైన చెరలో నుంచి, పైన కూర్చున్న శిష్యులకు నోటితో చెబుతూ ఆయన అల్ మబ్సూత్ రాయించారు. ముద్రణలో అది ముప్ఫై సంపుటాలు. ఉజ్గెన్‌లో ఖరఖానీ పాలకుల కాలపు మీనారు, సమాధి మందిరాలు నేటికీ నిలిచి ఉన్నాయి.

1494లో పన్నెండేళ్లయినా నిండకుండా ఫర్గానా గద్దెనెక్కిన బాబర్ తన స్వీయచరిత్రలో ఓష్ పట్టణాన్ని ఎంతగానో మెచ్చుకున్నాడు. అక్కడి సులేమాన్ కొండ 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి కొండల్లో సుమారు 3,200 మీటర్ల ఎత్తున తాష్ రబాత్ అనే పాత రాతి సరాయి ఉంది. ఒంటెలతో, గుర్రాలతో సరుకు మోసిన బాటసారులు ఒకప్పుడు అందులో తలదాచుకున్నారు.

ఆ దేశం 1991 దాకా సోవియట్ పాలనలో ఉంది. మస్జిదులు చాలావరకు మూతపడి, దీన్ చదువు ఇళ్లలో గుట్టుగా సాగిన తరాలు అక్కడ గడిచాయి. అయినా వారి నోటిలో మన ఉర్దూ మాటలు ఎన్నో మిగిలాయి. రొట్టెను నాన్ అంటారు, మిత్రుణ్ణి దోస్ అంటారు, పుస్తకాన్ని కితెప్, అతిథిని మెయ్‌మాన్ అంటారు. కృతజ్ఞత చెప్పాలంటే రహ్మత్ అంటారు. "భాష రాదని దిగులు పడకు, సలాంతో మొదలుపెట్టు" అని చెప్పి పంపాం.

చుక్క ఆగింది

ఆగస్టులో పందెం మొదలైంది. ఆ తల్లికి చదువు రాదు. మనవడి చేత ఫోనులో పటం తెరిపించుకుని రోజంతా కొడుకు చుక్కను చూస్తూ కూర్చునేది. మొదటి మూడు రోజులు చుక్క మెల్లగా సాగింది. మొహల్లాలో కుర్రాళ్లు కూడా చూసి మురిసిపోయారు.

నాలుగో రాత్రి గడిచి, ఫజర్ నమాజుకు మేము మస్జిద్‌కు బయలుదేరుతుంటే గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. "మౌల్వీ సాబ్, చుక్క వెనక్కి తిరిగింది. తరువాత ఆగిపోయింది. రాత్రంతా కదలలేదు" అంది. ఆమె కళ్లలోకి మేము చూడలేకపోయాం. పడుకున్నాడేమో అన్నాం. యంత్రంలో బ్యాటరీ అయిపోయిందేమో అన్నాం. ఆ మాటలు మాకే నమ్మకంగా అనిపించలేదు. వాడిని మీకే అప్పగిస్తున్నానన్న మాట చెవుల్లో మోగుతోంది. ఆ రోజు ఫజర్‌లో మేము ఏ సూరా చదివామో మాకే గుర్తులేదు.

మూడు దుఆలు నిరాకరించబడవని హదీసుల్లో ఉంది. పీడితుడి దుఆ, ప్రయాణికుడి దుఆ, బిడ్డ కోసం తల్లిదండ్రులు చేసే దుఆ. "అమ్మా, మూడింటిలో రెండు మీ ఇంట్లోనే ఉన్నాయి, ముసల్లా వదలకండి" అని ఆమెతో చెప్పి పంపాం. అసర్ తరువాత ఫోను మోగింది. అతను నరీన్ పట్టణం నుంచి మాట్లాడుతున్నాడు. ప్రాణంతో ఉన్నాడు. పందెం మాత్రం విరమించుకున్నాడు.

గుడారంలో ఇషా

జరిగినదంతా అతను తిరిగి వచ్చాక కూర్చోబెట్టి విన్నాం. నాలుగో రోజు సాయంత్రం 3,700 మీటర్లకు పైగా ఉన్న ఒక కనుమ ఎక్కుతున్నాడు. మన నల్లమల ఘాట్ రోడ్డు వెయ్యి మీటర్ల ఎత్తుకైనా చేరదు. అంత ఎత్తున గాలిలో ఒత్తిడి పడిపోయి, ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులకంటే తక్కువ అవుతుంది. మధ్యాహ్నం నుంచే తలనొప్పి. తరువాత వాంతులు. వాన వడగళ్లుగా మారింది. కనుమ అంచు కళ్లకు కనబడుతోంది. సైకిలు తోసుకుంటూ నడిస్తే ఇంకో గంట.

"అక్కడ నిలబడి చాలాసేపు ఆలోచించాను హజ్రత్. ఇంకో గంటే కదా అనిపించింది. అప్పుడు మీకిచ్చిన మాట గుర్తొచ్చింది."

అతను చేసినదే సరైన పని. 2,500 మీటర్లు దాటిన తరువాత వచ్చే ఈ ఎత్తు జబ్బుకు అసలైన మందు కిందికి దిగడమే. మొండిగా పైకి ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, మెదడు వాచవచ్చు. గంటల్లో ప్రాణం పోవచ్చు. పైగా దిగాలన్న తెలివిని కూడా ఆ జబ్బే హరిస్తుంది. చీకట్లో దీపం వెలుతురుతో మెల్లగా దిగి, మధ్యాహ్నం దాటివచ్చిన పచ్చికబయలు చేరాడు. అక్కడ వేసవి మేపుకు వచ్చిన గొర్రెలకాపరుల గుండ్రటి గుడారం ఉంది. కుక్కలు మొరిగాయి. తెల్లగడ్డం వృద్ధుడొకాయన లాంతరుతో బయటికి వచ్చాడు. కుర్రవాడు సలాం చెప్పాడు. ఆయన జవాబిచ్చి, మరేమీ అడగకుండా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.

వేడి టీ, రొట్టె పెట్టారు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి కప్పుకోవడానికి దుప్పట్లు ఇచ్చారు. రెండు గంటల తరువాత తలనొప్పి కొంత తగ్గింది. వృద్ధుడు చేతులు చెవులదాకా ఎత్తి చూపి, నమాజు చేద్దామా అన్నట్టు సైగ చేశాడు. అతిథిని ముందు నిలబెట్టాడు. మన కుర్రవాడికి అక్కడే సందేహం పట్టుకుంది. తాను ముసాఫిర్. ఇషా రెండు రకాతులకే సలాం తిప్పాలి. నేను ముసాఫిర్‌ను, మీరు మిగతావి పూర్తి చేసుకోండి అని చెప్పడానికి భాష రాదు. సగం నమాజుకే ఆపేశాడనుకుంటాడేమో!

అయినా నేర్చుకున్నట్టే చేశాడు. రెండు రకాతులు చేసి సలాం తిప్పాడు. వెనక్కి చూస్తే ఆ వృద్ధుడు అప్పటికే లేచి నిలబడి, తొణక్కుండా మిగిలిన రెండు రకాతులు పూర్తి చేసుకుంటున్నాడు.

ఈ మాట చెప్పేటప్పుడు కుర్రవాడి గొంతు వణికింది. మాకూ కళ్లు చెమర్చాయి. ఆ వృద్ధుడి బాల్యమంతా మస్జిదులు మూతపడిన కాలం. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, తల్లి నేర్పిందో, తాత నేర్పాడో! ఇమామ్ సరఖ్సీ చెరలో నుంచి చెప్పిన చదువు ఆ కొండల్లో అలా నిలిచి ఉంది, ఇక్కడ కర్నూలులో మా చాప మీద ఇలా నిలిచి ఉంది. ఒకరి మాట ఒకరికి తెలియని ఇద్దరు మనుషులు ఒక గుడారంలో ఒక్క తప్పు లేకుండా ఒకే నమాజు చేశారు.

అక్కడివారంతా ఇలాంటివారే అని మేము అనడం లేదు. 2024 మే నెలలో బిష్కెక్‌లో మూకలు విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద దాడులు చేశాయి. అక్కడ వైద్యవిద్య చదివే మన తెలుగు పిల్లల తల్లిదండ్రులు ఆ రోజుల్లో ఎంత తల్లడిల్లారో మనకు తెలుసు. ఏ దేశంలోనైనా రెండు రకాల మనుషులుంటారు. అతిథిని ఆదరించడం దీన్ అని మరచిపోనివాడి ఇంట్లోనే ముసాఫిర్ క్షేమంగా ఉంటాడు.

ఓటమి అంటే ఏమిటి?

కుర్రవాడు తిరిగి వచ్చాక ఎవరికీ ముఖం చూపలేదు. మొహల్లాలో కొందరు, చుక్క వెనక్కి నడిచిందట అని వేళాకోళం చేశారు. జుమాకు కూడా వెనక వరుసలో నిలబడి, సలాం కాగానే వెళ్లిపోయేవాడు. ఒకరోజు పట్టుకుని కూర్చోబెట్టాం.

దైవప్రవక్త (స)కు అద్బా అనే ఆడ ఒంటె ఉండేది. పందెంలో దాన్ని దాటిన ఒంటె లేదు. ఒకసారి ఎడారి పల్లెవాసి ఒకడు మామూలు పడుచు ఒంటె మీద వచ్చి అద్బాను దాటేశాడు. సహాబాలకు అది చాలా కష్టంగా తోచింది. ఈ లోకంలో పైకి లేచిన దేన్నయినా ఎప్పుడో ఒకప్పుడు కిందికి దించడం అల్లాహ్ నియమమని దైవప్రవక్త (స) వారికి నచ్చజెప్పారు. స్వయానా ప్రవక్త (స) ఒంటే ఓడింది. నీ సైకిలు ఓడితే నామర్దా ఏముంది అన్నాం.

మరొక రివాయత్ కూడా చెప్పాం. దాని సనద్ గురించి ముహద్దిసులు అభ్యంతరం చెప్పారు గాని, భావం మాత్రం దీన్ తేలికైనదన్న సహీ హదీసుల భావమే. వాహనాన్ని ఓపికకు మించి తోలినవాడు గమ్యమూ చేరడు, వాహనమూ దక్కించుకోడు అన్నది దాని సారం. మన శరీరమే మనకు అల్లాహ్ ఇచ్చిన వాహనం. అది అమానత్. కనుమ అంచు చూపించి దాన్ని చంపే హక్కు మనకు లేదు.

తాను విధించిన ఆజ్ఞలను పాటించడం అల్లాహ్‌కు ఎంత ఇష్టమో, తాను ఇచ్చిన వెసులుబాటును స్వీకరించడం కూడా అంత ఇష్టమని హదీసుల్లో ఉంది. నాలుగు రకాతులు రెండు కావడం ఓటమి కాదు. నీళ్లకు బదులు మట్టిని తాకడం ఓటమి కాదు. జబ్బుతో ఉపవాసం విడవడం ఓటమి కాదు. అలాగే కనుమ కింది నుంచి వెనక్కి తిరగడం కూడా ఓటమి కాదు. "ఇంకో గంట" అనిపించినప్పుడు ఆగగలిగినవాడే తన నఫ్స్‌ను గెలిచినవాడు. "బేటా, పందెం సంగతి మాకు తెలియదు. మేము పెట్టిన మూడో షరతు పరీక్షలో మాత్రం నువ్వు మొదటి తరగతిలో నెగ్గావు" అన్నాం. చాలా రోజుల తరువాత అతని ముఖంలో నవ్వు చూశాం.

ఇప్పటికీ ముసాఫిర్ నమాజు పాఠం వచ్చినప్పుడు అతను ఊళ్లో ఉంటే మేము పిలిపిస్తాం. పిల్లలు కితాబు మూసి అతని నోటి వెంట ఆ గుడారం కథ వింటారు. ఆ తరువాత వారికి పాఠం మళ్లీ చెప్పవలసిన అవసరం రాదు.

సోదరులారా! మీ పిల్లలు కొండలెక్కుతామన్నా, దూరదేశాలు చూస్తామన్నా మాలాగా వినకముందే ముఖం ముడుచుకోకండి. ఎందుకు వెళ్తున్నారో, ఎలా సిద్ధమయ్యారో అడగండి. అప్పులు తీర్పించండి, మసాయిల్ నేర్పించండి, వెనక్కి తిరగడానికి సిగ్గుపడనని మాట తీసుకోండి. ఆ తరువాత దుఆ చేసి పంపండి. తిరిగి వచ్చినప్పుడు ఎన్నో స్థానంలో వచ్చావని అడగకముందు, క్షేమంగా వచ్చావు, అల్‌హందులిల్లాహ్ అనండి.

దారిలో ఉన్న ప్రతి ముసాఫిర్‌నూ అల్లాహ్ క్షేమంగా ఇంటికి చేర్చుగాక! చుక్క కోసం ఎదురుచూసే ప్రతి తల్లి కంటికీ చల్లదనం ప్రసాదించుగాక! ఆమీన్.